రంగు దాటిన చదువు: నర్సింగ్ పాఠ్యంలో చర్మపరీక్ష – అనంతపురం కరువు నేల నుంచి ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
నర్సింగ్ విద్యలో ఆరోగ్య మదింపు తొలి మెట్టు. అందులో చర్మపరీక్ష చూపుతోనూ స్పర్శతోనూ చేసే పఠనం. పాఠ్యపుస్తకాలలోని చర్మాధ్యాయం సాధారణంగా రంగుతో మొదలవుతుంది. ఆ రంగుల వర్ణన తెల్లని మేనిఛాయను ఆధారంగా చేసుకొని ఏర్పడింది. ఎండలో పనిచేసే నల్లని, చామనచాయ శరీరాలున్న అనంతపురం పీఠభూమిలో ఆ వర్ణన ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పెల్లాగ్రా, కుష్ఠు అనే రెండు వ్యాధుల వర్ణన చరిత్రను ఆధారంగా తీసుకొని, తెలుగు పదసంపదను, కరువు సాహిత్యంలోని రూపకాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్య మదింపు, చర్మపరీక్ష, అనంతపురం, పెల్లాగ్రా, కుష్ఠు, వర్ణన భాష, కరువు సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

రోగిని గమనించడం నర్సు వృత్తికి పునాది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో ఈ గమనింపు కోసమే ఒక అధ్యాయాన్ని కేటాయించారు. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో గెజిట్ ద్వారా ప్రకటించిన బి.ఎస్సీ. నర్సింగ్ సెమిస్టర్ పాఠ్యప్రణాళికలో ఆరోగ్య మదింపు ఒక మాడ్యూలుగా మొదటి సంవత్సరంలోనే చేరింది. అంటే విద్యార్థిని మందుల పేర్లు పూర్తిగా నేర్వకముందే శరీరాన్ని చదవడం నేర్చుకోవాలి. ఆ చదువులో మొదటి పుట చర్మం.

చర్మపరీక్షను బోధించే అధ్యాయం కూడా ఒక రచనే. దానికి ఒక కథన క్రమం ఉంది, ఒక దృష్టికోణం ఉంది, ఊహించుకున్న ఒక శరీరం ఉంది. అందువల్ల దానిని సాహిత్య విమర్శకుడు అడిగే ప్రశ్నలతో పరిశీలించవచ్చు. ఈ వర్ణన ఎవరి కంటితో చేసినది? ఏ శరీరాన్ని ముందుంచుకొని చేసినది? వేరే నేల మీదికి వచ్చినప్పుడు ఇందులో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది? ఈ ప్రశ్నలకు అనంతపురం సరైన పరీక్షాస్థలం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండి, తూర్పుతీరానికి దూరమై, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పొందే పీఠభూమి ఇది. చెనిక్కాయ చేలలో పగలంతా ఎండకు నిలిచే శరీరాలే ఇక్కడి ఆసుపత్రులకు ఎక్కువగా వస్తాయి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ బత్తలపల్లిలో ఆసుపత్రితో పాటు నర్సింగ్ విద్యాసంస్థనూ నడుపుతున్నది. 2022 జిల్లాల పునర్విభజన తరువాత బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది కాని, ఆ ఎండా ఆ నేలా మారలేదు. ఇటువంటి చోట చదువుకొనే విద్యార్థిని చేతిలోని పాఠ్యం, ఆమె ఎదుట ఉన్న శరీరం ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయా అన్నదే ఈ వ్యాసం ప్రశ్న.

2. అధ్యాయపు క్రమం – ఊహించుకున్న శరీరం:

చర్మపరీక్షలో చూడవలసిన అంశాలు సుపరిచితమైనవే: రంగు, తేమ, వేడి, నునుపు లేదా గరుకు, బిగువు, వాపు, మచ్చలు, పుండ్లు, ఆపై వెంట్రుకలు, గోళ్ళు. ఈ జాబితాలో దోషం లేదు. విమర్శించవలసింది రంగుకు దొరికిన అగ్రస్థానాన్ని, ఆ రంగులకు వాడిన మాటలను. రక్తం తగ్గితే పాలిపోతుంది, ప్రాణవాయువు తగ్గితే నీలమవుతుంది, వాపు చేస్తే ఎర్రబడుతుంది అన్న మూడు వాక్యాలూ తెల్లని కాగితం మీద రాసిన అక్షరాల వంటివి. కాగితం రంగు మారితే అవే అక్షరాలు కనిపించవు.

నల్లని చర్మం మీద వాపు ఎర్రగా కాక ముదురు ఊదాగానో, చుట్టూ ఉన్న చోటికంటె కాస్త నల్లగానో కనిపిస్తుంది. ఒక్కోసారి రంగులో తేడాయే కనబడదు. మంచం పట్టిన రోగికి నడుము కింద ఏర్పడే ఒత్తిడి పుండు తొలి దశను 'నొక్కినా తెల్లబడని ఎరుపు' అని నిర్వచిస్తారు. ఎరుపే కనబడని చర్మం మీద ఆ నిర్వచనం కోసం కాచుకొని కూర్చుంటే పుండు రెండో దశకు చేరుతుంది. అక్కడ నర్సుకు తోడు వచ్చేది చేయి. పక్క భాగంతో పోల్చినప్పుడు ఆ చోటు వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, తాకితే నొప్పి అంటున్నారా అన్నవి అక్కడ అసలైన లక్షణాలు.

ఇది మాటల పేచీ మాత్రమే కాదని ఇటీవలి వైద్యచరిత్ర చూపింది. వేలికి తగిలించి రక్తంలోని ప్రాణవాయువును కొలిచే పల్స్ ఆక్సీమీటర్, నల్లజాతి రోగులలో ప్రాణవాయువు తగ్గడాన్ని తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు గుర్తించలేకపోయిందని 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' 2020 డిసెంబరులో ప్రచురించింది. అదే ఏడాది లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్యవిద్యార్థి తన అధ్యాపకులతో కలిసి, నల్లని చర్మం మీద వ్యాధిలక్షణాలు ఎలా కనిపిస్తాయో చూపే 'మైండ్ ద గ్యాప్' అనే చేతిపుస్తకాన్ని తెచ్చాడు. యంత్రమైనా పుస్తకమైనా తనను తయారుచేసినవారి ఎదుట ఏ శరీరం ఉందో దానినే ప్రమాణంగా మోసుకొస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. రక్తహీనతను, కామెర్లను రంగు చూడకుండా ఎలా గుర్తిస్తారు? చూడవలసిందే, అయితే ఎక్కడ చూడాలన్నదే ప్రశ్న. రక్తహీనతకు కింది కనురెప్ప లోపలి పొర, నాలుక, అరచేయి, గోళ్ళ అడుగు. కామెర్లకు కంటి తెల్లగుడ్డు, నోటి పైభాగం. నీలిమకు నాలుక, పెదవుల లోపలి భాగం చూడాలి. ఇవి మేనిఛాయ చేరని చోట్లు. అయినా ఎండలో తిరిగేవారి తెల్లగుడ్డు అంచుల్లో సహజంగానే పసుపు, గోధుమ ఛాయలుంటాయి. కనుక ఒక్క చోటు చూసి తీర్పు చెప్పరాదు. ట్యూబులైటు కింద కాక కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడాలన్న చిన్న నియమం కూడా ఇక్కడ పెద్ద విలువ పొందుతుంది.

దీనినుంచి ఒక సూత్రం తేలుతుంది. రోగి చర్మాన్ని పుస్తకంలోని బొమ్మతో పోల్చడం కంటె అతని చర్మంతోనే పోల్చడం మేలు: ఎండ తగిలిన ముంజేతిని ఎండ సోకని భుజం లోపలి వైపుతో, కుడికాలిని ఎడమకాలితో, ఇవాళ్టి స్థితిని నిన్న రాసిన వివరంతో. పరీక్షాపత్రంలో 'చర్మం: సాధారణం' అన్న రెండు మాటలు ఈ పోలికను మూసివేస్తాయి. 'సాధారణం' అన్నది చూసిన తరువాత రాసిన మాటో, చూడకుండా రాసిన మాటో ఆ కాగితాన్ని చదివే తరువాతి నర్సుకు తెలిసే మార్గం లేదు.

3. తెలుగు పదసంపద – బలం, ప్రమాదం:

తెలుగు పలుకుబడి కూడా ఈ విషయంలో పూర్తిగా నిర్దోషి కాదు. ముఖం 'తెల్లబోయింది' అంటాం, 'కందిపోయింది' అంటాం; నల్లని ముఖాలను గురించి కూడా ఆ మాటలే వాడతాం. అయితే మచ్చల, పుండ్ల విషయానికి వచ్చేసరికి తెలుగు చాలా కచ్చితమైన భాష. ఆంగ్ల పాఠ్యం 'లీజన్' అనే ఒక్క గొడుగు మాట కింద చేర్చినవాటికి తెలుగులో విడివిడి పేర్లున్నాయి. మచ్చ చర్మంతో సమానంగా ఉంటుంది. పులిపిరి పైకి లేచి గట్టిగా ఉంటుంది. పొక్కులో నీరుంటుంది; పెద్దదైతే అది బొబ్బ. దద్దు ఉబ్బి వచ్చి కొద్ది గంటల్లో అణగిపోతుంది. సెగగడ్డలో చీము, నొప్పి, వేడి మూడూ ఉంటాయి. మానుతున్న పుండు పక్కు కడుతుంది, ఎండిన చర్మం పొట్టు రాలుతుంది. ఈ పేర్లలో చాలావాటికి ఆధారం రంగు కాదు. ఎత్తు, లోపలి ద్రవం, గట్టిదనం, కాలం. చేతికి తెలిసే భేదాలను భాష ముందే విడదీసి పెట్టింది. పాఠ్యానువాదకులు 'లీజన్'ను ఏకంగా 'గాయం' అనో 'పుండు' అనో తెచ్చినప్పుడు ఈ విభజన పోతుంది. తగలని దెబ్బ తగిలినట్లవుతుంది.

రోగి తన మాటలో చెప్పే అనుభూతీ ఇంతే. 'నవ' వేరు, 'మంట' వేరు, 'తిమ్మిరి' వేరు, 'మొద్దుబారడం' వేరు. నాలుగింటినీ 'దురద/నొప్పి' అనే గడిలో కుదిస్తే నరాల వ్యాధికి సంబంధించిన తొలి సమాచారం అక్కడే రాలిపోతుంది.

కాని జనభాషను ఉన్నదున్నట్లు నెత్తిన పెట్టుకోవడమూ విమర్శ కాదు. దురద ఉన్న ప్రతిదాన్నీ 'గజ్జి' అనడం ఊళ్ళలో సామాన్యం. పొక్కులతో జ్వరం వస్తే 'అమ్మవారు' అన్న మాట వినబడుతుంది. ఆ మాట వెంట వైద్యానికి వెళ్ళకూడదన్న కట్టుబాటు కూడా రావచ్చు. కుష్ఠును 'పెద్దరోగం' అనడంలో భయం, వెలి రెండూ ఉన్నాయి. నర్సు ఆ మాటలను వినాలి, రాసుకోవాలి. తన వర్ణనను మాత్రం వాటికి అప్పగించకూడదు. రోగి మాట సాక్ష్యం, నర్సు వర్ణన పరిశీలన. రెండూ పక్కపక్కన ఉండాలి, ఒకటి మరొకదాన్ని మింగరాదు.

4. పెల్లాగ్రా: రెండు పేర్ల కథ:

వర్ణన భాష ఎంత దూరం ప్రయాణం చేయగలదో తెలుసుకోవడానికి దక్కన్ పీఠభూమికి దగ్గర చుట్టమైన ఒక వ్యాధి చరిత్ర ఉపకరిస్తుంది. స్పెయిన్‌లోని అస్తూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో, మొక్కజొన్న తిని బతికే పేద రైతులలో ఒక చర్మవ్యాధిని గమనించాడు. చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం ఎర్రబారి పెచ్చులు కట్టేది. అక్కడివారు దానిని 'గులాబీ రోగం' అనేవారు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సిస్కో ఫ్రాపోలీ అదే వ్యాధిని 'పెల్లాగ్రా' అన్నాడు. ఆ మాటకు గరుకు చర్మమని అర్థం. మెడ చుట్టూ హారంలా వచ్చే ఆ పట్టీకి నేటికీ 'కసాల్ కంఠహారం' అన్న పేరుంది.

ఒకే వ్యాధికి ఈ రెండు పేర్లు రెండు పఠన పద్ధతులు. ఒకటి రంగును చూసి పెట్టినది, రెండవది తాకి పెట్టినది. దక్కన్‌లో జొన్న ప్రధానాహారమైన పేదలలో ఈ వ్యాధి కనబడినప్పుడు మొదటి పేరు పనికిరాలేదు. చామనచాయ చర్మం మీద పెల్లాగ్రా గులాబీ రంగులో ఉండదు. నల్లబడి, దళసరెక్కి, పొలుసులూడుతూ, ఆరోగ్యకరమైన చర్మంతో కలిసేచోట గీత గీసినట్లు ఆగిపోతుంది. 'ఎరుపు' కోసం వెతికే కన్నుకు అది ఎండకు కమిలిన ఒళ్ళు మాత్రమే. 'గరుకు' కోసం వెతికే చేతికి మాత్రం అది అక్కడే ఉంది.

హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలు, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఈ వ్యాధిని లోతుగా అధ్యయనం చేశాయి. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో 'లాన్సెట్' పత్రికలో జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే ఆమ్లానికీ పెల్లాగ్రాకూ సంబంధం ఉందని వాదించారు. ఆ వాదన మీద తరువాత చర్చ సాగింది. జొన్నను నిందించడం ఇక్కడ ఉద్దేశం కాదు. పప్పు, పాలు, కూర, మాంసం దొరకక ఒకే ధాన్యం మీద బతకవలసి రావడమే అసలు రోగమూలం. ఆహారం మారాక ఈ వ్యాధి బాగా తగ్గింది. అయినా మద్యానికి బానిసైనవారిలోను, క్షయకు ఐసోనియాజిడ్ మందు వాడుతున్న బలహీనులలోను అది నేటికీ కనబడవచ్చు. అందుకే చర్మం చూసే నర్సు అడగవలసిన తరువాతి ప్రశ్నలు తిండి గురించి, విరేచనాల గురించి, నిద్ర, మతిమరుపుల గురించి. చర్మం ఒక వాక్యమైతే దాని మిగతా సగం కంచంలో ఉంటుంది.

ఈ వ్యాధి మరొక పాఠం కూడా చెబుతుంది. చర్మం మీద ఏముంది అన్నదానితో సమానంగా ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నదీ అర్థాన్నిస్తుంది. పొలాల గట్ల మీద విరివిగా పెరిగే వయ్యారిభామ మొక్క రేణువులు గాలిలో వచ్చి పడితే చర్మం నవ పుట్టి, మందమై, నల్లబడుతుంది. అదీ ముఖం, మెడ, చేతుల మీదే వస్తుంది. అయితే గాలి చేరే కనురెప్పలను, చెవుల వెనుక భాగాన్ని, గడ్డం కిందను, మోచేతి మడతలను కూడా అది వదలదు. ఎండ వల్ల మాత్రమే వచ్చే దద్దుర్లు సాధారణంగా ఆ నీడచోట్లను విడిచిపెడతాయి. పెల్లాగ్రా రెండువైపులా సమానంగా, స్పష్టమైన హద్దుతో ఉంటుంది. మూడింటికీ రంగు ఒకటే, చోటు వేరు. కనుక గడ్డం ఎత్తి చూడని, చెవి వంచి చూడని పరీక్ష సగం పుట చదివి పద్యానికి తాత్పర్యం చెప్పడం వంటిది.

5. స్పర్శ లేని మచ్చ:

తెలుగునాట ప్రజారోగ్య ప్రచారం తయారుచేసిన మాటల్లో 'స్పర్శ లేని మచ్చ' మంచి నిర్వచనం. మూడే మాటల్లో కన్నునూ చేతినీ కలిపింది. మచ్చను చూడటంతో ఆగకుండా తాకి అడగాలన్న ఆదేశం అందులోనే ఉంది. కుష్ఠు మచ్చ నల్లని చర్మం మీద పాలిపోయినట్లో రాగిరంగులోనో కనిపిస్తుంది. శోభి, బొల్లి, పోషకాహారలోపపు మచ్చలు కూడా లేతరంగులోనే ఉంటాయి. వాటిని వేరుచేయగలిగేది స్పర్శ.

జాతీయస్థాయిలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా నిర్మూలనమైందని భారతదేశం 2005 డిసెంబరులో ప్రకటించింది. పదివేల జనాభాకు ఒకటికంటె తక్కువ కేసులుండటం దానికి కొలమానం. ఆ ప్రకటనలోని 'నిర్మూలన' అనే మాటను చాలామంది 'లేకపోవడం'గా చదువుకున్నారు. అంకెల్లో అది విజయమే. కాని వ్యాధి అరుదయ్యేకొద్దీ దానిని పట్టే కన్ను కూడా అరుదవుతుంది. ఐదు మచ్చల వరకు ఉంటే ఆరు నెలలు, అంతకు మించితే పన్నెండు నెలలు బహుళ ఔషధ చికిత్సతో వ్యాధి నయమవుతుంది. నరం ఒకసారి పూర్తిగా చచ్చాక మాత్రం ఏ మందూ స్పర్శను తిరిగి తేలేదు. పొయ్యిమీది సంగటికుండ దించేటప్పుడు వేలు కాలినా తెలియని స్థితి అక్కడ మొదలవుతుంది. తొలి మచ్చను సరిగా చదవడమంటే ఒక మనిషి చేతివేళ్ళను కాపాడటం.

ఈ పరీక్ష భాషతోనే గెలుస్తుంది, భాషతోనే ఓడుతుంది. 'స్పర్శ ఉందా?' అని అడిగితే వృద్ధురాలు మర్యాదకు 'ఉందిలే తల్లీ' అంటుంది. 'అవ్వా, కళ్ళు మూసుకో. దూది ఆనిస్తా. ఎక్కడ తగిలిందో వేలితో చూపించు' అంటే జవాబు ఆమె వేలు చెబుతుంది. ముందు కళ్ళు తెరిచి ఉండగానే ఒకసారి చేసి చూపడం, మంచి చర్మం మీదా మచ్చ మీదా మార్చి మార్చి ఆనించడం, తెర చాటున, సమ్మతి అడిగి చేయడం ఇవన్నీ పాఠ్యంలో అర పేరా కూడా పొందని విషయాలు. కాని పరీక్ష ఫలితం వాటి మీదే నిలుస్తుంది.

చర్మపు బిగువు పరీక్షకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. విరేచనాలైన బిడ్డ పొట్ట చర్మాన్ని మడిచి వదిలితే రెండు సెకన్లకు మించి ఆగితే అది తీవ్రమైన నీటిలోపానికి గుర్తు. కాని బాగా చిక్కిపోయిన బిడ్డలో నీరు తగ్గకపోయినా మడత నిలుస్తుంది. వాపు ఉన్న బిడ్డలో నీరు తగ్గినా మడత వెంటనే పోతుంది. వృద్ధుల చేతి మీది చర్మం వయసు వల్లే వదులు. వారికి రొమ్ముఎముక మీదో మెడఎముక కిందో చూడాలి. కరువు ప్రాంతంలో చిక్కిన బిడ్డ, ముడతలుపడిన అవ్వ మినహాయింపులు కారు. వారే ప్రధాన పాఠకవర్గం వంటివారు. మినహాయింపుగా అడుగున చేర్చిన వాక్యం ఇక్కడ మొదటి వాక్యం కావాలి.

6. రూపకం చేసే నష్టం:

పాఠ్యపుస్తకం వైపు నుంచి సాహిత్యం వైపుకు తిరిగితే మరొక రకం చూపులోపం కనబడుతుంది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' నుంచి సింగమనేని నారాయణ కథల వరకు అనంతపురం రచయితలు కరువును తెలుగు సాహిత్యంలో కేంద్రవస్తువును చేశారు. వారి కృషి విలువ ఇక్కడ చర్చనీయం కాదు. కరువు గురించి రాసే, మాట్లాడే మనందరికీ అలవాటైన ఒక పోలికను మాత్రం ప్రశ్నించాలి. నేల పగిలినట్లు పాదం పగిలిందని, బీడు లాగా ఒళ్ళు ఎండిందని అనడం మనకు సహజమైపోయింది. 'పగుళ్ళు' అన్న మాట నేలకూ మడమకూ ఒకటే కావడం ఆ పోలికకు భాష ఇచ్చిన అనుమతి.

ఆ పోలికలో సానుభూతి ఉంది, సత్యమూ ఉంది. కాని రూపకం స్థిరపడ్డాక ప్రశ్న ఆగిపోతుంది. మడమ పగుళ్ళకు చెప్పుల్లేని నడక, పొడిదనం, తామర, సోరియాసిస్ వంటి కారణాలెన్నో ఉండవచ్చు. పగిలిన పాదం ముందు నర్సు అడగవలసిన ప్రశ్న ఒకటే: 'నొప్పిగా ఉందా?' లోతైన పగులు ఉండీ నొప్పి లేదంటే అది ఊరట కాదు. నరం మొద్దుబారిందన్న సంకేతం. కుష్ఠులోను, మధుమేహంలోను పుండుగా మారి పాదాన్ని తీసేది ఆ నొప్పి లేని పగులే. నేలకు నొప్పి ఉండదు కనుక, పాదాన్ని నేలగా చూసే రూపకానికి ఈ ప్రశ్న తోచదు.

ఈ రెండు చూపులోపాలకూ మూలం ఒకటే. పాఠ్యపుస్తకం ఎక్కడో ఉన్న తెల్లని శరీరాన్ని చూస్తూ ఎదుటి శరీరాన్ని దాటిపోతుంది. రూపకం ఎదుటి శరీరం గుండా ప్రాంతాన్ని చూస్తూ ఆ వ్యక్తిని దాటిపోతుంది. మొదటిదానికి ఆమె మినహాయింపు, రెండవదానికి ఆమె ప్రతీక. ఆమె ఎవరన్నది మాత్రం రెండింటిలోనూ నమోదు కాదు.

7. ముగింపు:

తెలుగులో చర్మపరీక్షను బోధించే అధ్యాయాన్ని తిరిగి రాయవలసి వస్తే మార్చవలసింది అంశాలను కాదు, క్రమాన్ని. రోగి తన మాటలో చెప్పినది ముందు రావాలి. తరువాత చోటు, హద్దు, రెండువైపుల పోలిక. ఆపై వేడి, గరుకు, గట్టిదనం, స్పర్శజ్ఞానం. రంగు చివర రావాలి, అదీ ఆ మనిషి సొంత మేనిఛాయతో పోల్చి. బొమ్మలు ఇక్కడి శరీరాలవి కావాలి. 'సాధారణం' అన్న మాట రాసేముందు ఏ భాగాన్ని దేనితో పోల్చారో ఒక్క వాక్యమైనా ఉండాలి.

ఈ పని వైద్యశాస్త్ర శాఖలకే వదిలేయదగినది కాదు. పదాలను ఎంచడం, వర్ణనలోని దృష్టికోణాన్ని పసిగట్టడం, రూపకం ఎక్కడ వెలుగునిస్తుందో ఎక్కడ కప్పేస్తుందో చెప్పడం తెలుగు శాఖల పని. అనంతపురం పీఠభూమిలో వాడే చర్మసంబంధ పదాలను వాటి అర్థభేదాలతో సేకరించి నర్సింగ్ అధ్యాపకుల చేతికివ్వడం పరిశోధక విద్యార్థులకు యోగ్యమైన అంశం. గులాబీ రోగమన్న పేరు దక్కన్ దాకా రాలేకపోయింది. గరుకు చర్మమన్న పేరు రాగలిగింది. మన పాఠ్యం ఏ రకం పేర్లతో రాయాలో ఆ రెండు పేర్ల చరిత్రే నిర్ణయించి పెట్టింది.